పేము కుర్చీ ప్రైవేట్ లిమిటెడ్

భగవంతుడు మనిషికి రెండు చేతులిచ్చాడు. ఒకటి ఉద్యోగానికి, రెండోది సంతకానికి. ఈ రెండూ కాక మూడో పని చేయదలచినవాడు ముందుగా తానెవరో తేల్చుకోవాలని పన్నుల చట్టం చెబుతోంది. ఇదే ప్రశ్న మీద వేదాంతులు జన్మలకు జన్మలే గడిపేశారు. చట్టం మాత్రం ఆర్థిక సంవత్సరం ముగిసేదాకా గడువిచ్చింది. (ఆలస్య రుసుముతో మరో మూడు నెలలు.)

ఆ ప్రశ్న గడులాయన ఇంటికి ఒక ఆదివారం ఉదయం చిరిగిన కుర్చీ రూపంలో వచ్చింది.

గడులాయన ఒక పెద్ద ఆఫీసులో ఫారాల పరిశీలకుడు. జనం నింపి తెచ్చిన ఫారాల్లో ఏ గడి ఖాళీగా ఉందో కనిపెట్టి వెనక్కి పంపడం ఆయన ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళలో ఒక్క ఖాళీ గడి కూడా ఆయన కళ్ళుగప్పి పోలేదు, అందుకే ఆ పేరు. వాళ్ళ నాన్న పేము కుర్చీలు అల్లేవాడు. ఆ విద్య కొడుకు వేళ్ళలో మిగిలిపోయింది. అల్లికలో ఉండేవి కూడా గడులే కావడంతో ఆ పని చేస్తున్నంతసేపూ ఆయనకు ప్రాణం హాయిగా ఉండేది.

కుర్చీ కింది వాటాలోని పోస్టు తాతది. రిటైరైన పోస్టుమాను. ఆయాసం మనిషి. పడుకుంటే ఊపిరాడదు. ఆ పేము కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంటేనే ఆయనకు నిద్ర. ఆ వారమే దాని సీటు నడిమికి తెగింది.

"ఒక్కపూట పని తాతా. సాయంత్రానికల్లా కిందికి తెచ్చేస్తా," అని గడులాయన పేము బద్దలు బకెట్లో నానబెట్టాడు.

పోస్టు తాత ఊరుకుని ఉంటే ఆ సాయంత్రమే అందరూ సుఖపడేవారు. కానీ ఆయన పుట్టి బుద్ధెరిగి ఎవరిచేతా ఊరికే పని చేయించుకోలేదు. జేబులోంచి అంటించిన కవరొకటి తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద గుండ్రటి అక్షరాలతో 'కుర్చీ నిమిత్తం' అని రాసి ఉంది.

"తీసుకుంటేనే చెయ్యి నాయనా. లేకపోతే ఇచ్చెయ్, తీసుకుపోతా."

గడులాయన కవరు వంక చూశాడు. లోకంలో ఎక్కడో ఒక గడి ఖాళీగా ఉన్నట్టు ఆయనకు స్పష్టంగా అనిపించింది. ఇది ఆదాయం. జీతం కాదు, బహుమతి కాదు, అప్పు కాదు. మరి ఏ శీర్షిక కింద చూపాలి? విప్పితే ఈ ఏడాది ఆదాయం అయిపోతుంది కాబట్టి కవరు విప్పకుండా బీరువా మీద పెట్టాడు.

"ముందు కుర్చీ అల్లండి. వ్యాపారం తర్వాత అల్లుదురు గాని," అంది భార్య.

"అన్నిటికీ ఒక పద్ధతంటూ ఉండాలి కదా," అన్నాడాయన. అప్పటికి బద్దలు చక్కగా నానాయి.

పన్నుల సలహాదారు జిరాక్స్ షాపు పైన ఉంటాడు. ఆయన గదిలో వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ కూడా పేముదే, దాని సీటూ తెగిపోయిందే. గడులాయన మూడు సమావేశాలు ఆ కన్నం మీదే జాగ్రత్తగా కూర్చున్నాడు. బాగుచేయాలని వేళ్ళు పీకాయి గానీ, ఏ హోదాలో బాగుచేయాలో తేలలేదు.

"సొంత పేరు మీద చేశారనుకోండి," అన్నాడు సలహాదారు, "కుర్చీ డబ్బు వెళ్ళి మీ జీతం నెత్తిన కూర్చుంటుంది. రెండూ కలిపి పై శ్లాబులో పడతాయి. మీరు కుర్చీ అల్లితే అందులో ఒక కాలు ప్రభుత్వానిది."

"అయితే ఏం చేయమంటారు?"

"భాగస్వామ్యం పెట్టండి. మీ ఆవిడతో."

గడులాయన ఇంటికొచ్చి భార్యకు భాగస్వామ్య పత్రం చదివి వినిపించాడు. ఆవిడ చేతిలో పని ఆపకుండానే విన్నది.

"పద్నాలుగేళ్ళ నుంచీ భాగస్వామినే కదండీ. లాభం ఇంతవరకూ ఒక్కసారీ పంచలేదే? ముందు ఆ పాత లెక్క తేల్చండి."

పాత లెక్కలు తవ్వడం పన్ను దృష్ట్యా లాభసాటి కాదని సలహాదారు కూడా ఒప్పుకున్నాడు. ఇక మిగిలింది కంపెనీ.

"కంపెనీ అంటే చట్టం దృష్టిలో వేరే మనిషండీ. మీ వల్ల పుడుతుంది గానీ మీరు కాదు. దాని సంపాదన దానిది, దాని పన్ను దానిది. రేటు కూడా తక్కువ. పైగా మనిషన్నవాడు పోతాడు, కంపెనీ పోదు." చివరి మాట ఆయన చాలా ఆప్యాయంగా అన్నాడు.

కంపెనీ పెట్టాలంటే ఆఫీసువాళ్ళు అభ్యంతరం లేదని రాసివ్వాలి. దానికొక అభ్యంతరాల అధికారిణి ఉంది. ఆవిడ నాలుగు నెలలు ఫైలు చదివింది. (మూడు నెలలు ఫైలు ఆవిడ కోసం, ఒక నెల ఆవిడ ఫైలు కోసం వెతికింది.) ఆ తర్వాత గడులాయనను పిలిచి నియమం వివరించింది.

"మీ చేతులు ఆఫీసు వేళల్లో ఆఫీసువి. మిగతా వేళల్లో విశ్రాంతి తీసుకుంటున్న ఆఫీసు చేతులు. కాబట్టి కంపెనీకి మీరు యజమానిగా ఉండొచ్చు, చేత్తో పని మాత్రం చేయకూడదు. చూడొచ్చు."

"చూడొచ్చాండీ?"

"దూరం నుంచి."

ఇంత అనుకూలమైన జవాబు తమ సెక్షన్లో ఎవరికీ రాలేదని గడులాయన పొంగిపోయాడు.

ఈలోగా పేము కుర్చీ మేడ మీదే ఉంది. దాన్ని కిందికి పంపుదామంటే, పని ఒప్పుకున్న తేదీకీ పని మొదలైన తేదీకీ మధ్య సరుకు చేతులు మారితే కొత్త లావాదేవీ అవుతుందని సలహాదారు హెచ్చరించాడు. బకెట్లో బద్దలు నల్లబడ్డాయి. పోస్టు తాత ఇనుప కుర్చీలో కూర్చుని నిద్రపోవాలని చూసేవాడు. అది ఆయన నడుముకు పడలేదు.

ఒకరోజు పొద్దున్నే ఆఫీసుకు దిగుతూ గడులాయన ఆయన్ని మెట్ల దగ్గర చూశాడు. చివరి మెట్టు మీద కూర్చుని, గోడకు దిండు ఆనించి, నోరు తెరుచుకుని కునుకు తీస్తున్నాడు. ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. అలికిడికి కళ్ళు తెరిచాడు.

"అయిందా నాయనా?"

"ఇంకెంత తాతా, రిజిస్ట్రేషన్ ఒక్కటే."

"నలభై ఏళ్ళు తిరిగాను. అడ్రసు సగమే ఉన్న ఉత్తరాలు కూడా చేర్చాను." ఆయన నవ్వబోయి దగ్గాడు. "మేడ మీంచి కింది వాటాకు కుర్చీ చేర్చలేవురా నువ్వు?"

గడులాయనకు తల కొట్టేసినట్టయింది. గిర్రున వెనక్కి తిరిగి మేడెక్కాడు, కుర్చీ ముందు గొంతుకూర్చున్నాడు, తెగిన పోగు చేతిలోకి తీసుకున్నాడు. ఆ క్షణంలో ఆయన మంచివాడే. అక్కడే ఉంటే అయిపోయేది. కానీ చెయ్యి పైకెత్తేసరికి చేతి గడియారం కనబడింది, టైము తొమ్మిది కావస్తోంది, అవి ఆఫీసు చేతులు. పోగు వదిలేసి బస్సెక్కాడు.

తొమ్మిదో నెలలో కంపెనీ పుట్టింది. పుట్టిన తేదీతో సర్టిఫికెట్టు వచ్చింది, పేరుతో ఇత్తడి బోర్డు వచ్చింది, గుండ్రటి ముద్ర వచ్చింది. పేరు పెట్టడానికే ఆరు వారాలు పట్టింది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం," అంది గడులాయన తల్లి, ముద్రను అటూ ఇటూ తిప్పి చూస్తూ. "ఇంతకీ ఇది ఎక్కడుంటుందిరా?"

"మన ముందు గదేనమ్మా రిజిస్టర్డ్ ఆఫీసు. నీ మంచం కాస్త వంటగది పక్కకు జరపాలి."

"ఇంట్లో అందరికన్నా చిన్నది, అందరికన్నా పెద్ద గది దానికే!" అని ముసలావిడ మంచం తనే లాక్కుపోయింది.

కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు, భార్యాభర్తలు. సమావేశానికి ఇద్దరూ కూర్చుని ఉండాలి, ఒకరు లేస్తే కోరం పోతుంది. తొలి సమావేశం భోజనాల బల్ల దగ్గర జరిగింది. పోస్టు తాత కుర్చీ అల్లడానికి తగిన పనివాడిని నియమించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. గడులాయన ప్రకటన రాసి గేటుకు అంటించాడు. ఒకే ఒక్క దరఖాస్తు వచ్చింది. అది కూడా గడులాయనదే. (మినిట్స్ పుస్తకంలో 'స్పందన పరిమితం' అని ఉంది.)

ఆయన ఆ దరఖాస్తును నిష్పక్షపాతంగా పరిశీలించాడు. గడులన్నీ నిండి ఉన్నాయి. అయినా రూల్ రూలే కదా. 'అభ్యర్థి పనితనం సంతృప్తికరం. అయితే వేరొక చోట పూర్తికాల ఉద్యోగి అయినందున చింతిస్తూ తిరస్కరించడమైనది' అని టైపు చేసి, ముద్ర వేసి, తన చిరునామాకే పోస్టు చేశాడు. మూడో రోజు అది అందినప్పుడు ఆయనకు నిజంగానే కాస్త మనసు చివుక్కుమంది.

"పోనీ నాకు నేర్పండి, నేనల్లుతాను," అంది భార్య. "ఆ తాత మొహం చూడలేకపోతున్నానండీ."

"నువ్వు డైరెక్టరువి, పైగా డైరెక్టరు భార్యవి. జీతమిస్తే సొంతవాళ్ళతో లావాదేవీ అవుతుంది."

"జీతమెవరడిగారు?"

"ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని అడుగుతారు."

ఆవిడ గిన్నెలు చప్పుడయ్యేలా సర్దడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు మంచిది కాదని గడులాయనకు పద్నాలుగేళ్ళ అనుభవం మీద తెలుసు. అయినా కొత్త ఆర్థిక సంవత్సరం రెండు వారాల్లో ఉంది. అప్పుడు మొదలుపెడితే రిటర్ను ఎంత శుభ్రంగా ఉంటుందో తలుచుకుని ధైర్యం తెచ్చుకున్నాడు.

పన్నెండో నెల చివరి ఆదివారం తెల్లవారుజామున పోస్టు తాత పోయాడు. చివరి మెట్టు మీదే, గోడకు ఆనించిన దిండు మీద తల వాల్చి ఉన్నాడు. చూడ్డానికి నిద్రపోతున్నట్టే ఉన్నాడని పాలవాడు అన్నాడు. అలా నిద్రపోవడం ఆ ఏడాదిలో అదే మొదటిసారని పాలవాడికి తెలియదు.

గడులాయన చాలాసేపు ముందు గదిలో నిలబడి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, ఆయనకు తాతంటే ప్రాణం. ఏడ్చి, మొహం కడుక్కుని, ఇక తన చేతుల్లో ఏముందని ఆలోచించి, అత్యవసర సమావేశం పిలిచాడు. అజెండాలో రెండు అంశాలు. ఒకటి, కంపెనీ మొట్టమొదటి ఖాతాదారు మృతికి సంతాపం. రెండు, పని పూర్తికాని కుర్చీ విషయం.

"మరణించిన పెద్దలు..." అని గడులాయన చదవడం మొదలుపెట్టాడు.

భార్య ఎదురుగా కూర్చుని కింది నుంచి వస్తున్న మాటలు వింటోంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఎవరో దగ్గుతున్నారు. ఆవిడ లేచింది.

"కూర్చో, కోరం పోతుంది," అన్నాడాయన.

"కింద పాతిక మంది నిలబడి ఉన్నారండీ. వాళ్ళింట్లో కుర్చీలు చాలట్లేదు."

ఆవిడ బీరువా మీది కవరు తీసి కొంగున ముడేసుకుంది. తన కుర్చీ ఎత్తింది. అత్తగారు ఇంకో రెండు ఎత్తింది. భార్య మళ్ళీ పైకొచ్చి గడులాయన దగ్గర నిలబడింది. ఆయన లేచాడు. ఆ కుర్చీ కూడా కిందికి వెళ్ళిపోయింది.

గదిలో పోస్టు తాత పేము కుర్చీ ఒక్కటే మిగిలింది, సీటు ఉండాల్సిన చోట నేల కనబడుతూ. గడులాయన దాని వంక చూశాడు. తర్వాత మినిట్స్ పుస్తకం గోడకు ఆనించుకుని, నిలబడే, ఒక్క గడి కూడా ఖాళీ వదలకుండా రాశాడు: 'కోరం లేనందువల్ల సంతాపం వచ్చే ఆర్థిక సంవత్సరానికి వాయిదా వేయడమైనది.'