ప్రధాన పాత్ర పెద్దదే కావాల

ఆ ఉదయం పూర్ణిమ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. అన్నం బెల్లుకు ముందు పీరియడ్‌లో ఎనిమిదో తరగతికి 'కథ - మౌలికాంశాలు' అనే పాఠం చెప్పాలి. వెనక బెంచీలో కరస్పాండెంట్ ఉమామహేశ్వరమ్మ కూర్చుని వింటుంది. ఆళ్లగడ్డలోని ఆ ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేవాళ్లు ఇద్దరు. వచ్చే ఏడాదికి ఒక్కరినే ఉంచుకుంటామని ఆమె ముందే తేల్చి చెప్పింది. రెండో మనిషి సురేష్ నిన్ననే ఇదే పాఠాన్ని ప్రొజెక్టరు పెట్టి చెప్పాడు. ఉమామహేశ్వరమ్మ ఆవులిస్తూనే విన్నది.

పూర్ణిమ ప్రొజెక్టరు జోలికి పోదలచుకోలేదు. కథలోని మనుషులను నిలువెత్తు అట్టబొమ్మలుగా చేయించి క్లాసులో నిలబెడితే పిల్లలు జన్మలో మరిచిపోరు. నంద్యాలలో అబ్దుల్లాకు ఫ్లెక్సు షాపు ఉంది. బడి వార్షికోత్సవం బ్యానర్లన్నీ అతని చేతి మీదుగానే వస్తాయి. ఇప్పుడు చెబితే మధ్యాహ్నానికల్లా ఆటోలో వేసి పంపిస్తాడు. ఆమె తల దువ్వుకుంటూనే ఫోను చేసింది.

ఫోను ఎత్తింది అబ్దుల్లా కాదు, అతని తండ్రి మాబు సాహెబ్. కొడుకు ఫోను ఛార్జింగుకు పెట్టి టీకి పోయాడు. తండ్రీకొడుకులవి పక్కపక్క కొట్లు. కొడుకు బోర్డు మీద 'ఫ్లెక్స్ ప్రింటింగ్' అని, తండ్రి బోర్డు మీద 'షామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు అద్దెకు ఇవ్వబడును' అని ఉంటుంది. పూర్ణిమ ఎప్పుడూ మొదటి బోర్డే చదివింది.

"మామా, ఈ పొద్దు మా బడిలో కథ ఉంది. పాత్రలు కావాల."

"కథకా? మంచిదమ్మా. పాత్రలకేం తక్కువ. ఎన్ని?"

"చిన్నవి ఐదు, ప్రధాన పాత్ర ఒకటి. అది మాత్రం బాగా పెద్దదుండాల."

"ఎంతమందికి?"

"నలభై మంది పిల్లోళ్లు."

"నడిపిది చాలు కదమ్మా. పెద్దదైతే రెండొందల మందికి వస్తుంది."

"వద్దు మామా, పెద్దదే పంపు. కడాన కూర్చున్న మేడమ్‌కు గూడా ఆనాల."

వట్టి పాత్రలు పంపితే లాభం లేదనీ, లోపల ఏముందో చూడగానే తెలియాలనీ ఆమె చెప్పింది. బొమ్మల ఛాతీ మీద 'పిసినారి', 'కోపిష్టి' అని రాయించమని ఆమె ఉద్దేశం. వంటతో సహా తెమ్మంటోందని మాబు సాహెబ్‌కు అర్థమైంది. వెనక నేపథ్యానికి ఒక గుడ్డ కట్టాలంది, కడతానన్నాడు. ముగింపు చేదుగా వద్దు, తియ్యగా ఉండాలంది. ఆ సంగతి తనకొదిలేయమన్నాడు. కొడుకు కంటే తండ్రే చురుగ్గా ఉన్నాడని పూర్ణిమ ముచ్చటపడింది.

"ఇంగొకటి మామా. సంఘర్షణ. అది లేకుంటే కథే లేదు. అది మాత్రం ఎర్రగా కనపడాల."

అటువైపు మాబు సాహెబ్ ఫోనును ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"ఎర్రగానా అమ్మా?"

"ఎర్రగానే. మంచోళ్లకూ చెడ్డోళ్లకూ మధ్య," అని, ఎర్ర అక్షరాల అట్టను మనసులో పెట్టుకుని చెప్పి, పూర్ణిమ బడికి పొద్దుపోతోందని ఫోను పెట్టేసింది.

మాబు సాహెబ్ ఎన్నో పెళ్లిళ్లకు షామియానాలు వేసినవాడు. వడ్డన దగ్గర మొదలైన మాటలు గంటెల దాకా పోవడం కళ్లారా చూశాడు. కాకపోతే గొడవ జరగాలని ముందుగానే కోరుకునేవాళ్లను ఇప్పుడే చూడటం. కథ అంటే సత్యనారాయణ స్వామి కథే అనుకున్నాడు కాబట్టి, వంట రంగయ్యను పిలిపించి నీసు తగలకుండా బగారా అన్నం, పప్పుచారు, సేమియా పాయసం చేయమన్నాడు. తర్వాత ఆళ్లగడ్డలో తనకు తెలిసిన హోంగార్డు అజయ్ కుమార్‌కు ఫోను చేసి, ఫలానా బడిలో విందు ఉంది, గొడవ ఖాయమని టీచరమ్మే చెప్పింది, ఒక కన్నేసి ఉంచమన్నాడు.

పూర్ణిమ పాఠం మొదలుపెట్టింది. కళ్లు మాత్రం గేటు మీదే ఉన్నాయి. పాత్రలు అంటే ఏమిటో చెప్పి, అవి ఇప్పుడే వస్తున్నాయని పిల్లలను ఊరించింది. నేపథ్యం, సంఘర్షణ, మలుపు, ముగింపు ఒక్కొక్కటీ వివరించింది. వెనక ఉమామహేశ్వరమ్మ ఇంకా ఆవులించలేదు. అంతలో తలుపు దగ్గర ఒక లాఠీ, దాని వెనక అజయ్ కుమార్ కనిపించారు.

"మేడమ్, వాళ్లలో చెడ్డోళ్లు ఎవురు?" అని అతను మర్యాదగా అడిగాడు.

పూర్ణిమ బదులు చెప్పేలోపే వీధిలో కబురు పాకింది. బడిలోకి పోలీసు పోయినాడని ఒకరు చూశారు, గొడవంట అని రెండోవారు కలిపారు, పిల్లోళ్లకు దెబ్బలంట అని బస్టాండు దగ్గర తేలింది. తల్లులూ తండ్రులూ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ఒకరిద్దరు చేతికి దొరికింది పట్టుకునే వచ్చారు. సరిగ్గా అప్పుడే నంద్యాల నుంచి వచ్చిన ఆటో వీధి మలుపు తిరిగింది. ఎదురుగా అంత జనాన్ని చూసి డ్రైవరు ఉలిక్కిపడి పక్కకు తిప్పాడు. ఆటో గేటును గుద్దింది. 'క్రమశిక్షణే మా ఊపిరి' అన్న బోర్డు ఒక మేకు మీద వేలాడింది. అన్నం వండిన పెద్ద డేగిశా మూత జారి, ఖంగు ఖంగుమంటూ ఆవరణంతా దొర్లి, వరండాలోకి వచ్చిన ఉమామహేశ్వరమ్మ కాళ్ల దగ్గర పడుకుంది.

మాబు సాహెబ్ తాపీగా ఆటో దిగాడు. అతని మనుషులు అప్పటికే ఎనిమిదో తరగతి వెనక పూల గుడ్డ కట్టేస్తున్నారు.

"టీచరమ్మా, పెద్దది ఒకటి, చిన్నవి ఐదు. చూసుకో. సత్యనారాయణ కథ చదివే అయ్యవారు ఇంకా రాలేదా?"

పూర్ణిమ డేగిశాను చూసింది. ప్రధాన పాత్ర నిజంగానే పెద్దదిగా ఉంది. వెనక బెంచీ వాళ్ల కంటికి కూడా ఆనుతుంది. పక్క క్లాసు కిటికీలో సురేష్ చేతులు కట్టుకుని హాయిగా నిలబడి ఉన్నాడు. వచ్చే ఏడాది తన కుర్చీలో ఎవరు కూర్చుంటారో ఆమెకు తెలిసిపోయింది.

"ఏందీ ఇది పూర్ణిమా? పాఠం చెప్పమంటే పెండ్లి చేస్తాండావా?" అంది ఉమామహేశ్వరమ్మ.

ఉమామహేశ్వరమ్మ పిల్లల వైపు తిరిగి, ఇంతసేపూ ఈమె ఏం చెప్పిందో ఒక్కరన్నా చెప్పమంది. అడిగింది జవాబు కోసం కాదు, జనం ముందు సాక్ష్యం కోసం. ముందు బెంచీలో ముబశ్శిరా లేచి నిలబడింది.

"కథ చెప్పింది మేడమ్. పాత్రలు ఆటోలో వచ్చినాయి. నేపథ్యం ఆడ కడతాండారు. మీరు టీచరును అరుస్తాండారే, అది సంఘర్షణ. ఆటో గేటును గుద్దింది మలుపు, ఎవురూ అనుకోలేదు."

"మరి ముగింపు?"

ముబశ్శిరా మెడ చాచి తలుపులోంచి ఆటోలోని చిన్న డేగిశాలను చూసింది. "ఆ చిన్నదాని మూత ఇంగా తీయలేదు మేడమ్."

గేటు దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వు జనమంతటికీ పాకింది. తన బిడ్డకు ఏ పాఠమూ ఇంత బాగా తలకెక్కలేదని ఒక తండ్రి చేతిలోని కట్టె కింద పెట్టి మరీ చెప్పాడు. ఉమామహేశ్వరమ్మ ఆ తండ్రిని చూసింది, అతని పక్కనున్న, వచ్చే ఏడాది బడిలో చేరే ఈడు పిల్లలను చూసింది, వేలాడుతున్న తన బోర్డును చూసింది. బగారా వాసన పీల్చింది. తర్వాత గొంతు పెంచింది.

"మా బడిలో పాఠాలు ఇట్లనే చెప్తాం. ఇదంతా మా బడి ఖర్చే. అందరూ తిని పొండి."

అంతమంది ముందు అన్న మాటను వెనక్కి తీసుకునే మనిషి కాదామె. రెండొందల మందికి వచ్చే డేగిశా రెండొందల మందికీ సరిపోయింది. వరసలో సురేష్ చాలా ముందే ఉన్నాడు. అజయ్ కుమార్ లాఠీ గోడకు ఆనించి పాయసం వడ్డించాడు.

చేతులు కడుక్కుని వచ్చి ఉమామహేశ్వరమ్మ పూర్ణిమను పక్కకు పిలిచింది. "వచ్చే ఏడు నువ్వే ఉండు. పై నెలలో నవల పాఠముంది కదా, అదీ పిల్లోళ్లకు ఇట్లనే అర్థం కావాల."

డేగిశాలకు మూతలు సర్దుతున్న మాబు సాహెబ్ తలెత్తాడు. "నవలంటే కథ కంటే పెద్దదామ్మా?"

"చానా పెద్దది మామా. పాత్రలు గూడా ఎక్కువే," అంది పూర్ణిమ, ఉద్యోగం నిలబడిన సంతోషంలో ఏమరుపాటుగా.

మాబు సాహెబ్ సొట్టపోయిన ఆటోను ఒకసారి చూసి, దానికైతే లారీ మాట్లాడాల్సిందే అన్నాడు.