చింతగుట్ట చుట్టూ దేశం

ఒక మహా పెద్ద అడవి. ఎంత పెద్దదంటే, ఉత్తరాన మంచు కురుస్తూ ఉండగానే దక్షిణాన సముద్రపు ఒడ్డున ఇసుక కాళ్లు కాల్చేది. పడమటంతా ఎడారి. తూర్పున ఏడాది పొడుగునా వాన. ఒక దిక్కువాళ్ల మాట ఇంకో దిక్కువాళ్లకి అర్థమయ్యేది కాదు. అయినా తమదంతా ఒకటే అడవని అందరూ గట్టిగా నమ్మేవాళ్లు. మిగతా దిక్కుల్ని ఎవరూ చూడలేదు గనక ఆ నమ్మకానికి ఏ ఇబ్బందీ రాలేదు.

అడవి నడిమధ్యన చింతగుట్ట దగ్గర పర్యాటక శాఖ ఉండేది. దాని అధికారి ఎలుగుబంటి బంగార్రాజు. గైడు కొండముచ్చు కోదండం. కోదండానికి తోక పొడుగు, నాలుక అంతకన్నా పొడుగు. పుట్టి బుద్ధెరిగాక అతను చింతగుట్ట దాటి వెళ్లిన పాపాన పోలేదు. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

ఒకరోజు సముద్రం అవతల నుంచి కంగారూలు వస్తున్నారని కబురొచ్చింది. పేరు వినగానే కోదండానికి కంగారు పుట్టింది.

"దేశమంతా చూపించాలట సార్! ఎన్నాళ్లుంటారట?"

"రెండు రోజులు," అన్నాడు బంగార్రాజు, తేనె అంటిన వేళ్లు నాక్కుంటూ.

"దేశం తిరిగి రావాలంటే ఏళ్లు పడుతుంది కదండీ!"

"రోజులు పెంచడం నా చేతుల్లో లేదయ్యా. దేశాన్ని కుదించు."

కోదండం తల పట్టుకుని గుట్ట చుట్టూ తిరిగాడు. ఉత్తరం వైపుకి వచ్చేసరికి బూరుగు కాయలు పగిలి దూది గాల్లో తేలుతోంది. నేలంతా తెల్లగా పరుచుకుంది. అది చూసి అమాంతం ఒక్క గెంతు గెంతాడు. తిన్నగా మేక సుభద్రమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"పిన్నీ, రేపట్నుంచి నువ్వు జడలబర్రెవి!"

"ఎవర్రా బర్రె? కొమ్ములతో కుమ్మానంటే..."

"తిట్టడం లేదు పిన్నీ, ఉద్యోగం ఇస్తున్నాను. కడుపునిండా పచ్చగడ్డి."

సుభద్రమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "జడలు ఎక్కడెక్కడ ఉండాలి?" అని అడిగింది.

ఒళ్లంతా తుమ్మజిగురు పూసి, దూది అంటించి, ఆమెను తయారుచేశాడు.

కంగారూలు దిగారు. వాళ్ల పెద్ద ఒక ముసలావిడ, కడుపుసంచీలో మనవణ్ని వేసుకుని వచ్చింది. కోదండం తోకతో తెల్లటి నేలను చూపించాడు. "ఇదేనండీ మా ఉత్తర మంచుసీమ!"

"మంచు చల్లగా ఉంటుందన్నారే?" అంది ముసలావిడ.

"అది పాత మంచండీ. ఇది కొత్తది."

ఇంతలో సుభద్రమ్మ ముక్కులోకి దూది దూరింది. ఆమె తుమ్మింది. తుమ్మి గెంతింది. గెంతి మళ్లీ తుమ్మింది.

"హిమనాట్యం!" అని కేక పెట్టాడు కోదండం. "తెల్లారగానే ఆ కొండల మీద దేవతలు దిగి ఆడతారండీ. జడలబర్రెలకి వాళ్లే నేర్పారు."

పడమటి వైపు ఎండిపోయిన వాగు ఉంది. అది ఎడారి. "మా పెరడు ఇంతకన్నా పెద్దది కదయ్యా," అంది ముసలావిడ.

"మాది వినయం గల ఎడారండీ."

తూర్పున కోతులు తడి కొమ్మలు ఊపి వాన కురిపించాయి. దక్షిణాన ఉన్న చెరువులో నాలుగు గేదెలు ఒక్కసారిగా దొర్లి అలలు లేపాయి. ముసలావిడ ఒక గుక్క తాగి చూసి, ఉప్పగా లేదేమంది. "ఉప్పు విడిగా వడ్డిస్తామండీ," అన్నాడు కోదండం.

కంగారూల ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సంచుల్లోంచి పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఎంత వైవిధ్యం! పైగా అన్నీ ఎంత దగ్గర దగ్గరగా పెట్టుకున్నారు!"

ఆ మాట దేశదేశాలకీ పాకింది. గుంపులు గుంపులుగా జనం వచ్చారు. మృగరాజుగారి సింహాసనం నుంచి బంగార్రాజుకి పూలదండ వచ్చింది. అందులోంచి రాలిన పువ్వొకటి కోదండానికి దక్కింది.

కబురు ఉత్తరాదికీ చేరింది. ఒక మధ్యాహ్నం, యాత్రికుల నడుమ సుభద్రమ్మ తుమ్ముతూ ఉండగా, దుమ్ము కొట్టుకుపోయిన జడలతో, కుంటుకుంటూ ఒక నిజమైన జడలబర్రె వచ్చి నిలబడ్డాడు. అతని పేరు దోర్జీ. దారి పొడుగునా నేర్చుకున్న మాటలతో పలకరించాడు.

"మా కొండలు చూడ్డానికి అందరూ వస్తున్నారట. మాకు మాత్రం ఒక్కరూ కనబడలేదు. పాపం దారి తప్పారేమోనని వెతుక్కుంటూ వచ్చాను."

యాత్రికుల్లో కలకలం రేగింది. ఇద్దరిలో అసలు జడలబర్రె ఎవరు? రెండోసారి వచ్చిన ముసలి కంగారూయే పరీక్ష పెట్టింది.

"మీ కొండల మీద తెల్లారగానే ఏమవుతుంది?"

"చలేస్తుందండీ," అన్నాడు దోర్జీ.

"దేవతలు దిగరూ?"

"మేమెప్పుడూ చూడలేదండీ."

"పోనీ, ఒకసారి తుమ్ము."

దోర్జీకి తుమ్ము రాలేదు. నకిలీ అని తేలిపోయింది. బంగార్రాజు జాలిపడి, "శిక్షణ తీసుకో నాయనా, సహాయ జడలబర్రెగా వేసుకుంటాం," అన్నాడు. "తుమ్ము వస్తే చాలు, మిగతాదంతా దానంతటదే వస్తుంది," అని సుభద్రమ్మ ధైర్యం చెప్పింది.

దోర్జీ కోప్పడలేదు. కోదండం వైపు తిరిగి, "అన్నా, మా ఇల్లు ఇలా ఉంటుందని చెబుతున్నావా?" అన్నాడు.

"మరెలా ఉంటుంది?" అన్నాడు కోదండం.

"నాకు చెప్పడం రాదు. వచ్చి చూడు."

కోదండం వెళ్లాడు. చింతగుట్ట వెనకబడుతుంటే పదేపదే తిరిగి చూశాడు. ఆ తర్వాత తిరిగి చూడ్డానికి తీరిక లేకపోయింది. దాటిన ప్రతి ఏటి దగ్గరా నీళ్లకి కొత్త మాట ఉంది. ఆ మాట నేర్చుకుని నీళ్లు తాగాడు. పసుపు పూల మైదానాల్లో పొర్లాడు. దేవదారుల మధ్య దారి తప్పాడు. చివరికొక పొద్దున ముక్కు మీద ఏదో చల్లగా వాలింది. కెవ్వుమన్నాడు. నాకి చూశాడు. మళ్లీ కెవ్వుమని, పిల్లాడిలా మంచులో పల్టీలు కొట్టాడు. తోక కర్రలా బిగుసుకుపోతే, దోర్జీ తల్లి ఏదో భాషలో చీవాట్లు పెట్టి తన జడల్లోకి లాక్కుంది. ఆ వెచ్చదనంలో నవ్వొస్తోందో ఏడుపొస్తోందో అతనికే తెలియలేదు.

తిరిగొచ్చి గంతులేస్తూ మొదటి గుంపు ముందు నిలబడ్డాడు.

"ఇది దూదండీ! అసలు మంచు చల్లగా ఉంటుంది, కాలుస్తుంది కూడా! అక్కడెవరూ నాట్యం చెయ్యరు. దారి కష్టం. అయినా వెళ్లాల్సిందే, నేను చెప్పలేను, అబ్బ, మీరు వెళ్లాల్సిందే!"

యాత్రికులు ఆవలించారు. ఒకాయన సుభద్రమ్మను పిలిచి అసలు సంగతి చెప్పమన్నాడు.

సాయంత్రానికి బంగార్రాజు పిలిపించాడు. "దేశం గురించి నీకు ఓనమాలు కూడా తెలియవని ఫిర్యాదు వచ్చిందయ్యా. ఇకనుంచి సుభద్రమ్మే గైడు."

"నేను కళ్లారా చూసి వచ్చాను సార్!"

"అదే మరి. మొన్నటిదాకా బాగానే ఉన్నావుగా?"

కోదండం తెల్లబోయి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే గుట్ట దిగి, ఉద్యోగం సద్యోగం లేనివాడై, దక్షిణం దారి పట్టాడు.

నీతి: దేశాన్ని చూపించే ఉద్యోగం పదికాలాలు నిలవాలంటే, దేశాన్ని చూడకుండా జాగ్రత్తపడాలి.