నీరజ డబ్బాలో బేరింగు

ఆదివారం పొద్దున్న ఏడింటికి విజయసారథి వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు ఎడమ ముందు చక్రంలో అరిగిపోయిన బేరింగు తీసి, కొత్తది ఎక్కించి, పదకొండింటికి స్నానం చేసి, సాయంత్రం భార్యను బాపట్ల తీసుకువెళ్ళాలి. ఆయన తెనాలిలో ఫిజిక్సు లెక్చరరు. ఘర్షణ గురించి ఇరవై ఆరేళ్ళుగా పాఠం చెబుతున్న మనిషికి, ఆ ఘర్షణ సొంత కారులోనే చేరి మూలుగుతుంటే ఊరుకోవడం నామోషీ అనిపించింది. పైగా ఆదివారం మెకానిక్కు షెడ్లు తీయరు.

ఆ బాపట్ల ప్రయాణం మామూలుది కాదు. ఆయన భార్య కనకదుర్గ ముప్పై ఏళ్ళుగా పిల్లలకు సంగీతం నేర్పుతోంది. వేదిక ఎక్కినప్పుడల్లా శిష్యుల వెనకాల కూర్చుని తాళం వేయడమే తప్ప తాను పాడింది లేదు. ఆ సాయంత్రం ఆరింటికి, మొదటిసారి, గంటన్నర సేపు ఆమె ఒక్కతే పాడబోతోంది. టాక్సీ మాట్లాడతానంటే వద్దంది, మన కార్లోనే వెళ్దామంది. ప్రతి శనివారం బాపట్లలో పాఠాలు చెప్పడానికి ఆ కార్లోనే వెళ్తూ, దారి పొడుగునా సాధకం చేసుకోవడం ఆమెకు అలవాటు. నాలుగు నెలలుగా చక్రం మోగుతుంటే ఆమె మధ్యమధ్య ఆగి, తల వంచి ఆ మోత వినడం ఆయన గమనిస్తూనే ఉన్నాడు. పాపం, ఎంత ఇబ్బంది పడుతోందో అనుకున్నాడు. ఆ మోత పోగొడుతున్నానని మాత్రం ఆమెకు ముందుగా చెప్పలేదు, ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు.

చలికి లోహం ముడుచుకుంటుంది. కాబట్టి కొత్త బేరింగును ముందురోజే ప్లాస్టిక్ కవరులో చుట్టి, వంటింట్లో చేతికందిన స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రీజర్లోకి తోశాడు. ముడుచుకున్న బేరింగు చక్రంలోని దాని గూట్లోకి సుళువుగా దూరుతుందని లెక్క. లెక్క సరైనదే. డబ్బా మూత మీద "నీరజ" అని పేరు చెక్కి ఉండడం మాత్రం ఆయన చూడలేదు.

నీరజ కనకదుర్గ చెల్లెలు, బాపట్లలో ఉంటుంది. మూడు నెలల క్రితం ఆ డబ్బా నిండా వేటపాలెం జీడిపప్పు పంపింది. ఒకరి డబ్బాను ఖాళీగా తిప్పి పంపడం వాళ్ళ పుట్టింట్లో మహాపాపం. ఏం పెట్టి పంపాలో తేలక అది అలాగే ఉండిపోయింది. ఆ పొద్దున్న కొబ్బరి కోసం ఫ్రీజరు తెరిచిన కనకదుర్గ చేతికి అదే డబ్బా బరువుగా, చల్లగా తగిలింది. మూత బిగుసుకుపోయి రాలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొగుడు తన పుట్టింటివాళ్ళను తలుచుకుని కోవా తెచ్చి, పాడవకుండా ఫ్రీజర్లో పెట్టాడని ఆమె కరిగిపోయింది. సాయంత్రం కచేరీ హడావిడిలో మరిచిపోతానేమోనని, పక్కింటి చలపతిరావు బాపట్ల రైలుకు బయలుదేరుతుంటే డబ్బా ఆయన చేతికిచ్చి పంపేసింది.

పదింటికి, పాత బేరింగును సుత్తితో బాది ఊడగొట్టి, అది మళ్ళీ ఎక్కించడానికి పనికిరాకుండా పోయాక, విజయసారథి ఫ్రీజరు తెరిచాడు.

"ఇందులో డబ్బా ఏదీ?"

"నీరజకి పంపేశానండీ. మీరు గుర్తుపెట్టుకుని కోవా తెచ్చారు చూడండి, అది చాలండి నాకు. ఇవాళ బాగా పాడతాను."

ఆమె కళ్ళు చెమర్చి ఉన్నాయి. అలాంటి ముఖంతో నిలబడ్డ భార్యకు, కచేరీ రోజున, అది కోవా కాదు బేరింగు అని చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది. మంచి పని చేశావన్నాడు. గ్రీజు కొనుక్కొస్తానని చెప్పి, మోచేతుల దాకా గ్రీజుతోనే వీధిలోకి నడిచి నీరజకు ఫోన్ చేశాడు.

నీరజ కూడా మహా సంతోషంగా ఉంది. ఇంట్లో ఇద్దరికీ షుగరు కాబట్టి డబ్బా తెరవనే లేదట. కింది వాటాలో ఉండే గంగరత్నం రేపల్లెలో తమ్ముడింటికి బయలుదేరుతూ, ఉత్త చేతులతో ఎలా వెళ్ళనని మథనపడుతుంటే ఆమెకు ఇచ్చేసిందట.

"ఇంత బరువు కోవా ఈ రోజుల్లో ఎవరు పంపుతారు బావగారూ?" అంది.

ఆయన ఆమెకూ నిజం చెప్పలేదు. చెబితే అది అక్క చెవిన పడడానికి ఐదు నిమిషాలు చాలు. తమ్ముడి పేరూ, ఇంటి గుర్తులూ మాటల్లో రాబట్టి రేపల్లె బస్సెక్కాడు.

గంగరత్నం తమ్ముడు దానయ్య పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. విజయసారథి వెళ్ళేసరికి ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరి ఉన్నారు. మంచం మీద పళ్ళెం, పళ్ళెంలో బేరింగు. గంగరత్నం తల ఎత్తడం లేదు. దానయ్య ఒక్కడే ఆనందంగా ఉన్నాడు. ఇన్నేళ్ళలో అక్క తనకు పనికొచ్చే వస్తువు తేవడం ఇదే మొదటిసారట. అది ఏ పడవకూ పట్టదన్నదొక్కటే అతని విచారం.

విజయసారథి కథంతా చెప్పుకున్నాడు. బేరింగు ఎక్కించడానికి ఇంట్లో ఏం పనిముట్లు ఉన్నాయని దానయ్య అడిగాడు. సుత్తి అని వినగానే లేచి చొక్కా వేసుకున్నాడు.

"సుత్తితో కొడితే కొత్తది కూడా మూలుగుద్దండి. అమ్మగారి కచేరీ ఆరింటికా? పదండి, నేనొస్తా."

గంగరత్నం కూడా డబ్బాను ఖాళీగా పంపే మనిషి కాదు. కడిగి, సున్నుండలు నింపి ఇచ్చింది. బేరింగు విజయసారథి జేబులో తెనాలి చేరింది. దానయ్యను మెకానిక్కని కనకదుర్గకు పరిచయం చేశాడు. ఇందులో అబద్ధం లేదు. అతను పొడుగు బోల్టూ రెండు ఇనప పలకలూ పెట్టి, నట్టు బిగిస్తూ, బేరింగును నెమ్మదిగా గూట్లోకి లాగాడు. నాలుగున్నరకు కారు బయలుదేరింది. కచేరీ వింటానని దానయ్య, డబ్బా కాళ్ళ దగ్గర దాచుకుని, వెనక సీట్లో కూర్చున్నాడు.

పొన్నూరు దాటింది. కారు చడీచప్పుడూ లేకుండా పోతోంది. విజయసారథి గర్వంగా పక్కకు చూశాడు. కనకదుర్గ పాడబోయి ఆగింది. మళ్ళీ ఎత్తుకుని ఆగింది. ముఖం పాలిపోయింది.

"ఆ మోత ఏదండీ?"

"బాగుచేయించాగా."

"అయ్యో. యాభైలో వెళ్తే అది సరిగ్గా నా అయిదున్నర శ్రుతండీ. నాలుగు నెలలుగా దాన్ని పట్టుకునే సాధకం చేస్తున్నా. అందుకే కదా టాక్సీ వద్దన్నాను."

విజయసారథి జన్మలో పాడి ఎరుగడు. చూపు రోడ్డు మీదే ఉంచి, నోరు మూసి, "హూం" అని మూలగడం మొదలుపెట్టాడు. కాస్త పైకి అంది కనకదుర్గ. ఆయనకు పైకి రాలేదు. రోజంతా ఇంజన్ల మోత వినే దానయ్య వెనక నుంచి అందుకుని సరిగ్గా పట్టాడు. అలా ఇద్దరు మగాళ్ళు బాపట్ల దాకా బేరింగులా మూలుగుతూ వెళ్ళారు, ఆమె పాడుతూ వెళ్ళింది.

కచేరీ బ్రహ్మాండంగా జరిగింది. తిరుగుదారిలో ఆకలేసి వెనక వెతికిన కనకదుర్గ చేతికి డబ్బా తగిలింది, మూత తీసింది. నీరజకు పంపిన డబ్బా ఇక్కడికెలా వచ్చిందని, కోవా సున్నుండలు ఎలా అయిందని అడిగింది. దానయ్య నవ్వాపుకోలేకపోయాడు, విజయసారథి ఒప్పేసుకున్నాడు. ఆమె కడుపు పట్టుకుని నవ్వి, ఒక సున్నుండ ఆయన నోట్లో పెట్టింది. కోవా తెచ్చాడనుకున్నప్పటి కన్నా, తెచ్చినట్టు నటించినందుకే ఆయన మీద ఆమెకు ఎక్కువ ప్రేమ కలిగింది.

పాత బేరింగును మాత్రం ఆమె పారేయనివ్వలేదు. అదిప్పుడు నీరజ డబ్బాలో ఉంది. డబ్బా ఖాళీగా లేదు గానీ, ఇంకా బాపట్ల చేరలేదు.