ఆర్ద్రా నక్షత్రంలో మన వైబీ

"ఇపోలో తెలుగు పిల్లలు ఇకపై వానలో అక్షరాలు దిద్దరు!" అని మా రాష్ట్ర అసెంబ్లీ సభ్యులు వైబీ హేమనాథ్ గారు ప్రకటించారు. మా మలేషియాలో ఎమ్మెల్యేలను గౌరవంగా వైబీ అంటాం. మా అమ్మాయి నిషా వాళ్ల ఆదివారం తెలుగు క్లాసు ఇన్నాళ్లూ షాపుల ముందు వరండాలోనే. జల్లు కొడితే పుస్తకాలు నెత్తిన పెట్టుకోవాలి. ఇప్పుడు ఆ షాపుల మేడ కిందే ఒక గది ఇస్తారట. ఆయన దూరదృష్టికి నేనూ చప్పట్లు కొట్టాను.

ప్రారంభోత్సవానికి మాధవి టీచరు పిల్లలచేత పెద్ద గుడ్డ మీద బొమ్మ వేయిస్తోంది. పది సెన్ల నాణెమంత సూర్యుడు, పక్కన గుడ్డ పట్టనంత ఎర్రటి వంపు. ఏర్పాట్లు చూడడానికొచ్చిన వైబీ సెక్రటరీ జయకుమార్ అక్కడ ఆగిపోయాడు.

"ఇదేటి టీచరమ్మా?"

"ఆర్ద్రా నక్షత్రం. వెడల్పులో సూర్యుడికి సుమారు ఏడు వందల రెట్లు."

"వైబీ ఫొటో కంటే పెద్దదా? ప్రోటోకాల్ ఒప్పదు లాహ్! కొంచెం తగ్గించండి."

"నక్షత్రాన్ని ఎలా తగ్గిస్తామన్నా?"

జయకుమార్ సమస్యలకు లొంగే మనిషి కాదు. "అయితే అందులో వైబీ ముఖమే పెడదాం. ఆయన జన్మనక్షత్రం అదే."

"విశాఖ అని మొన్న గుడిలో అర్చన చేయించారు కదా?" అన్నాను.

"మార్చేద్దాం అక్కా. పూజారితో నేను మాటాడతాను. ఎరుపు మాత్రం తీసేయండి, అది అవతల పార్టీ రంగు."

"మరి సూర్యుడు?"

"అవతల పార్టీ అభ్యర్థి."

మాధవి నిజాయితీగా హెచ్చరించింది. "ఇంత పెద్ద నక్షత్రాలు ఎక్కువకాలం ఉండవు. ఇది మహా అయితే లక్ష ఏళ్లలో పేలిపోతుంది."

జయకుమార్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "పరవాలేదు. ఎలక్షన్ వచ్చే ఏడే."

సైన్సు విషయంలో జయకుమార్ రాజీపడలేదు. ఆ నాణేనికి సరిగ్గా ఏడు వందల రెట్లుండే వైబీ ముఖం బ్యానరు తెప్పించి, మేడ పైనుంచి నేలదాకా కట్టించాడు. ఆదివారం వైబీ గారు తన గడ్డం ముందు కట్టిన రిబ్బను కత్తిరించి, "పిల్లలూ, పెద్దగా ఆలోచించండి!" అని, ఫొటోలు దిగి వెళ్లిపోయారు.

అంతలో వాన దంచింది.

"అమ్మా, గది తలుపేది?" అంది నిషా.

అందరం వెతికాం. తలుపు వైబీ గారి కింది పెదవి వెనకుంది.

"అన్నా, ఇక్కడ కొంచెం కత్తిరించండి. పిల్లలు తడిసిపోతున్నారు," అంది మాధవి.

"వైబీ ముఖానికి కత్తెరా?" జయకుమార్ గొడుగు కింద నిలబడి బ్యానరును పైనుంచి కిందిదాకా భక్తిగా చూశాడు. "నోరు ఎలక్షన్ తేదీ వచ్చినాక తెరుద్దాం టీచరమ్మా."