ఆఖరి గదికి నీరందని సంపు

గుణదలలో మా వీధికి చివరిదైన మా అపార్టుమెంటులో, నాలుగో అంతస్తున, రామకోటేశ్వరరావుగారి హాల్లో కిందటి శ్రావణంలో సముద్రం ప్రారంభమైంది. కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్లు చేపల తొట్టిలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది నేనే. అసోసియేషను సెక్రటరీగా నాకు ఆపాటి బాధ్యత ఉంది.

రామకోటేశ్వరరావుగారు కాలవల శాఖలో పెద్ద ఇంజనీరుగా రిటైరై, మాకు అధ్యక్షులయ్యారు. ఉప్పునీటి చేపలు పెంచాలంటే తొట్టి కింద ఇంకో గాజు తొట్టి ఉండాలట. దాన్ని సంపు అంటారు. పై నీళ్లు అందులోకి దిగి, మడ్డి వదిలించుకుని, మోటారు తోడితే మళ్లీ పైకెక్కుతాయి. సంపులోనే ఒక గదిలో నాచు పెంచాలి. దాని పేరు రెఫ్యూజియం. చేపలు చేసే మలినాన్ని ఆ నాచు లాగేసుకుంటుంది కనుక, అది బతికితేనే చేపలు బతుకుతాయి. దుకాణంవాడు ఇదంతా వివరించబోతే అధ్యక్షులు చెయ్యెత్తి ఆపారు.

"నలభై ఏళ్లు డెల్టాకి నీళ్లిచ్చిన చెయ్యయ్యా ఇది! నాలుగు చేపలకి ఇవ్వలేదా?"

నమూనా ఆయనే గీశారు. మొదటి గదిలో వడపోత, రెండో గదిలో మోటారు, ఆఖరున రెఫ్యూజియం. మధ్యలో రెండు లాకులు కూడా పెట్టించారు. నీళ్లు రెండో గదికి రాగానే మోటారు లాగేసుకునేది. ఆఖరి గదికి చెమ్మ మాత్రమే చేరేది. ప్రారంభోత్సవం నాడు మగ్గుతో పోసిందే దానికి మొదటి తడి, చివరి తడి. "అక్కడికి నీళ్లు అందడం లేదేమోనండీ" అని నేను నసిగితే, ఆయన కాగితం చూపించారు. నిజమే, అందులో బాణం గుర్తు ఆఖరి గది దాకా ఉంది.

పదిహేను రోజులకు కారిడారులో కంపు మొదలైంది. అత్యవసర సమావేశం జరిపాం. తొట్టిని అనుమానిస్తే అధ్యక్షులను అనుమానించినట్టే కనుక, పదేళ్లుగా ఆదివారాలు చేపల గంపతో మెట్లెక్కే గంగారత్నాన్ని అనుమానించాం. ఆమె ఇక గేటు దాటరాదని తీర్మానం రాశాం. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది మా ఇరవై నాలుగు ఫ్లాట్ల మీదేనని అందరికీ తెలుసు. అందుకే "విచారంతో" అనే మాట చేర్చాం.

సంగతి తెలిసి ఆమె తిన్నగా నాలుగో అంతస్తుకు వెళ్లింది. వెనకాలే నేనూ వెళ్లాను.

"ఇది చేపల వాసన కాదండీ ఇంజనీరు గారూ, నాచు కుళ్లింది" అంటూ సంపు ఉన్న అర తలుపు తీసి, ఆఖరి గదిలో వేలు పెట్టి చూపించింది. "ఇక్కడికి నీళ్లే రావట్లా. మజ్జలోనే మోటారు లాగేస్తంది. మా ఊరి కాలవా ఇంతేనండీ. మంచినీళ్ల చెరువు నిండక, బిందె నీళ్లు కొనుక్కోలేక, ఈ ఊరొచ్చి పడ్డాం."

"ఏ ఊరు మీది?"

దివిసీమ కొసన ఉన్న ఊరేదో చెప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఓహో, ఆ కాలవా! దాని డిజైను నాదే!"

ఆమె ఆయన్ని కాసేపు చూసింది. గంప ఎత్తుకుని మెట్లు దిగింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే తీర్మానం మీద సంతకం పెట్టాను.

తరవాత విచారణ సంఘం వేశాం. దానికీ అధ్యక్షులు ఆయనే. డిజైనులో లోపమేమీ లేదనీ, ఆఖరున ఉండడం ఆ గది స్వయంకృతాపరాధమనీ తేలింది. రోజూ దానికి ట్యాంకరు పద్ధతిలో ఒక మగ్గు నీళ్లు సరఫరా చేస్తున్నారు. రెండు చేపలు పోతే రెండు నిమిషాలు మౌనం పాటించాం. గంగారత్నం రావడం మానేసినా కంపు మానలేదు. ఇప్పుడు దాన్ని సముద్రపు గాలి అంటున్నాం.

ఆమె వీధి మొదట్లో, ఎండలో కూర్చుని అమ్ముకుంటోంది. మొన్న ఆదివారం నాలుక ఆగక ఫోను చేశాను.

"గంగారత్నం, వెనక గేటు దగ్గరికి ఓ రెండు కిలోల వంజరం తీసుకురా. ఎవరూ చూడర్లే."

"వీధి మొదట్లోనే అయిపోయినయ్యండీ సెక్రటరీ గారూ" అంది. "మీది చివర కదండీ. అక్కడిదాకా అందవు."