అమ్మ వేసిన ముడి

ఆ ఉదయం బుర్గి వేసుకున్న పథకం చిన్నదే. కాఫీ తాగాలి, కొండెక్కాలి, స్కీల మీద మంచులో జెండా కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగి మొదటి ముప్ఫైమందిలో నిలవాలి. నిలిస్తేనే మధ్యాహ్నం రెండో పరుగు. లేదంటే ముప్ఫైమూడేళ్ల బుర్గికి ఇక జట్టులో చోటు లేదని పెద్ద శిక్షకుడు ఎగ్గర్ ముఖం మీదే చెప్పేశాడు.

పోటీ సొంత ఊళ్లోనే. అంచేత వాళ్లమ్మ క్రెసెన్స్ ముచ్చటపడి కూతురి బట్టలన్నీ ముందురోజే ఉతికేసింది. పోటీ సూటు ఆరింది కానీ, దాని మీద చలికి తొడుక్కునే దళసరి ప్యాంటు ఆరలేదు.

"బిగుసుకుపోతావే! ఇది కట్టుకో," అంటూ తన పండగ లంగా తెచ్చి కూతురి నడుముకు చుట్టింది.

"అమ్మా, అందరూ నవ్వుతారే!"

"నవ్వనీ. పైకెళ్లాక విప్పెయ్."

విప్పడం అంత తేలికా? క్రెసెన్స్ నలభై ఏళ్లుగా ఆవుల్ని కట్టేస్తున్న మనిషి. పైగా తడి చేతులతో వేసిందేమో, ఆ ముడి కొండ మీదికి వెళ్లేసరికి గడ్డకట్టి రాయైపోయింది. బుర్గి గోళ్లతో పీకింది, తిట్టింది, బతిమాలింది. ఇంతలో తన నంబరు పిలిచారు. గత్యంతరం లేక లంగాతోనే దూకింది.

ఆస్ట్రియాలోని ఈ టిరోల్ కొండల్లో ఆటకు స్వస్తి చెప్పేవాళ్లు ఆఖరి పరుగు ఇలా పండగ బట్టల్లోనే దిగుతారు. మధ్యమధ్య ఆగి శిక్షకుల్ని కౌగిలించుకుంటారు కూడా. ఇంకేముంది!

"మన బుర్గి సెలవు తీసుకుంటోందండోయ్!" అని మైకు గొల్లుమంది.

దారి పొడవునా శిక్షకులు కన్నీళ్లతో చేతులు చాచారు. వీళ్లకు చిక్కితే కొంప మునిగినట్టేనని బుర్గి జన్మలో ఎన్నడూ లేనంత వేగంగా వాళ్లను తప్పించుకుంటూ దిగింది.

కింద ఊరి బాజా మోగింది. తోటి ఆటగత్తెలు షాంపేన్‌తో ముంచెత్తారు. ఎగ్గర్ చూడవచ్చినవాళ్లలో ఎవరో హుషారుగా మోగిస్తున్న ఆవుగంట లాక్కుని బుర్గి మెడలో వేశాడు.

"ఎంత పెద్ద మనసమ్మా నీది! నీ అంతట నువ్వే తప్పుకున్నావు."

"నేను తప్పుకోలేదండీ! ముడి ఊడలేదు!"

"దుఃఖంలో ఏదో అంటోంది, పాపం," అని ఎగ్గర్ కళ్లొత్తుకున్నాడు.

బుర్గికి నిజంగానే ఏడుపొచ్చింది. పదిహేనేళ్ల కష్టం ఒక్క లంగా పాలైంది.

అప్పటిదాకా ఫలితాల బోర్డు వైపు ఎవరూ చూడలేదు. చూశాక బాజా ఆగిపోయింది. బుర్గి నాలుగో స్థానంలో ఉంది. న్యాయనిర్ణేతలు నిబంధనల పుస్తకం రెండుసార్లు తిరగేశారు. లంగా గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఎగ్గర్ గొంతు సవరించుకున్నాడు. "నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నాగా, ఈ పిల్ల ఇంకా పదేళ్లు ఆడుతుందని! ఎవరక్కడ, ఆ ముడికి కత్తెర తెండి!"

క్రెసెన్స్ గుంపును తోసుకుంటూ వచ్చి, కత్తెరను పక్కకు నెట్టి, రెండో పరుగు కోసం ఆ ముడి మీద ఇంకో ముడి వేసింది.