గిన్నె ఖాళీగా పంపకూడదు

మా ఆవిడ పెట్టే ఆదివారం చేపల పులుసు గురించి ముందే చెప్పకపోతే, నేను చేసిన పనులన్నీ మీకు పిచ్చి పనుల్లా కనిపిస్తాయి. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వంజరం తేవడం నా వంతు. పులుసు పెట్టడం గౌరీశ్వరి వంతు. వారంలో ఆరు రోజులు స్టీల్ ప్లాంటులో నేను చెమటోడ్చేది ఆ ఒక్క పూట కోసమే.

ఆ పూటకి గండం రక్తపరీక్ష కాగితంలో వచ్చింది. మా ఇద్దరికీ సుగర్ సరిగ్గా అంచున నిలబడి ఉందట. రాత్రిళ్లు తేలిగ్గా, పెందలాడే తినమన్నారు డాక్టరుగారు. గౌరి ఇంటికి రాగానే పంచదార డబ్బా ఎత్తుకెళ్లి వాచ్‌మన్ పెళ్లానికి ఇచ్చేసింది. వట్టి చేతులతో తిరిగొచ్చి నా వైపు చూసింది.

"నాను మధురవాడలో ఆఫీసు అయ్యి గాజువాకలో బస్సు దిగేసరికి ఏడున్నర అవతాది. మీరు రెండింటికే డ్యూటీ దిగిపోతారు. ఈయేల్టి నుంచి రాత్రి వంట మీదే."

"నాకు వంట రాదే!"

"రాకపోడం ఏటి? ఇష్టం లేదనండి. నెల్లాళ్లు రోజూ రాత్రి ఒంటికి మంచిదేదో ఒకటి పెట్టండి. అప్పటిదాకా పులుసు లేదు. పెడితే నెలాఖరు ఆదివారం నుంచి మళ్లీ పులుసు. పెట్టకపోతే ఇంక జన్మలో ఆదివారాలు కూడా ఆనపకాయే."

మొదటి రోజు ఓట్సు ఉడికించాను. గోడలకి పోస్టర్లు అంటించడానికి భేషుగ్గా పనికొచ్చేది. రెండో రోజు జొన్నరొట్టె చేశాను. గౌరి దాన్ని కంచానికేసి కొట్టి చూసింది.

"ఇది ఇంట్లో సేసేరా, ప్లాంటు నుంచి తెచ్చేరా?"

మూడో రోజు భయపడి పొయ్యి వెలిగించలేదు. కేరట్, కీరా కోసి పెట్టాను. ఆమె చాలాసేపు నమిలి, "రేపు కూడా ఇలాగే ఐతే పందెం ఓడిపోయినట్టే" అంది.

అప్పుడు తట్టింది పెసలు. నానబెట్టి గుడ్డలో కడితే వాటి పాటికవే మొలకలొస్తాయి. నేను డ్యూటీలో ఉండగా నా ప్రమేయం లేకుండా తయారయ్యే వంట లోకంలో అదొక్కటే. కాకపోతే అవి అంత ఉబ్బుతాయని నాకెవరూ చెప్పలేదు. రెండు కిలోలు పోశాను. మర్నాటికి బకెట్ నిండింది.

పారేయడానికి మనసొప్పలేదు. నాలుగు గిన్నెల్లో పోసి మా అపార్టుమెంటులో నాలుగిళ్లకి పంచాను. ఎదురింటి హమీదాకి ఒకటి, కింద ఫ్లాట్ సీతాలుకి ఒకటి, పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ కనకరత్నంగారికి ఒకటి, పై ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే గురునాథరావుగారికి ఒకటి.

గంటన్నరలో గిన్నెలు తిరిగొచ్చాయి. ఒక్కటీ ఖాళీగా రాలేదు! హమీదా మునగాకు పప్పు పోసింది. సీతాలు ఆనపకాయ కూర పెట్టింది. కనకరత్నంగారు చోళ్ల అంబలి, అదే రాగి జావ, పోశారు. గురునాథరావుగారికి వంట రాదు కాబట్టి ఆచారం తప్పకుండా చెంచాడు పంచదార వేసి పంపారు. దాన్ని గౌరి కంటపడకుండా సింకులో కలిపేశాను.

చిన్నప్పటి నుంచి మా అమ్మ చేతిలో చూస్తున్నదే. ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఇంత గొప్ప ఆచారంలో ఇంత గొప్ప భోజనం దాగి ఉందని నాకు నలభై ఆరేళ్ల దాకా తెలియలేదు.

కూరలన్నీ వంట గిన్నెల్లోకి ఒంపి, పొయ్యి మీద పెట్టి, చెమటలా కనిపించేలా నుదుటి మీద నాలుగు నీటి చుక్కలు జల్లుకుని కూర్చున్నాను. గౌరి వచ్చి ఆనపకాయ కూర నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఎవలు సేసేరు?"

"ఇంకెవరు? నేనే."

"తాలింపు కూడానా?"

"యూట్యూబ్‌లో చూశాను."

ఇంకో ముద్ద తిని నా మొహం కేసి చూసింది. ఆరాధన అనుకున్నాను.

పదిహేను రోజులు రాజభోగం. రోజూ నాలుగు గుప్పెళ్ల పెసలు వెళ్లేవి, నాలుగు రకాల వంట వచ్చేది. ప్లాంటులో మావాళ్లకి "వంట అనేది మనసుంటే ఎంతసేపర్రా" అని పాఠాలు కూడా చెప్పాను. ఆ పాఠాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదహారో రోజు నేను గిన్నెలు సర్దేలోగానే కాలింగ్‌బెల్ మోగింది. హమీదా, చేతిలో తన గిన్నె.

"రోజూ మీరే ముందు పంపుతన్నారు అన్నియ్యా. మాకే సిగ్గుగా ఉంది. ఈయేల మేమే ముందు."

వెనకే సీతాలు వచ్చింది. తర్వాత కనకరత్నంగారు. చివర్న గురునాథరావుగారు, గిన్నెలో ఒక అరటిపండుతో.

"అరటిపండుకి గిన్నె ఎందుకండీ?"

"గిన్నె లేకపోతే ఆచారం ఎలాగవుతాది బాబూ?"

ఆ రాత్రి సుఖంగా తిన్నాం. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటింటి గట్టు మీద నాలుగు స్టీలు గిన్నెలు, వాటి మీద చెక్కించిన నాలుగు పేర్లు నన్నే చూస్తున్నాయి. వాళ్ల గిన్నెలు. తిరిగి ఇవ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదు. చెంచాడు పంచదార వేద్దామంటే ఇంట్లో పలుకు లేదు. అరటిపళ్లు పెడదామంటే అది గురునాథరావుగారు కనిపెట్టిన ఉపాయం.

పెసలు పట్టుకుని కనకరత్నంగారింటికి వెళ్లాను. ఆవిడ గిన్నెలోకి చూసి దణ్ణం పెట్టింది.

"సన్యాసిరాజూ, పక్షం రోజులై ఇయ్యే నములుతన్నాను. ఉన్న నాలుగు పళ్లూ ఊడొచ్చేలాగున్నాయి. ఇంకేదైనా మెత్తగా సెయ్యి నాయనా. నువ్వు బాగా వండుతన్నావని మీ ఆవిడ సెప్తన్నాదిగా!"

హమీదా పిల్లలు పెసల గిన్నె చూసి తలుపు వెనక దాక్కున్నారు. ఇంక దారి లేదు. వెనక్కొచ్చి పొయ్యి వెలిగించాను.

ఆ రోజు గోధుమరవ్వ ఉప్మా అడుగంటింది, నా చొక్కా మీదికి ఆవాలు చిట్లాయి, కుక్కర్ వేసిన మొదటి కూతకి నేను హాల్లోకి పరిగెత్తాను. అయినా నాలుగిళ్లకీ, మా ఇద్దరికీ సరిపడా వండాను. గిన్నెలిచ్చి ఊపిరి పీల్చుకుంటే, మర్నాడు మళ్లీ నాలుగు గిన్నెలు! రోజూ రావడమే. వాటిలో గరిటెడు కూరే ఉండేది, నేను మాత్రం గిన్నె నిండా వండి పంపాలి. ఒక రోజు కూరగాయలు వేసిన గోధుమరవ్వ జావ, ఒక రోజు పెసరట్లు, ఒక రోజు పాలకూర పప్పు. గౌరి బస్సు దిగి వచ్చి కాళ్లు కడుక్కుని వేడివేడిగా తినేది.

"ఈయేల ఉప్పు సరిపోయిందండీ" అనేది.

ముప్ఫై రోజులూ గడిచాయి. ఒక్క రోజు తప్పలేదు. ఆదివారం తెల్లారకుండానే హార్బర్‌కి పరిగెత్తి వంజరం తెచ్చాను. పులుసు ఉడుకుతుంటే నాకు నిజంగానే కళ్లు చెమర్చాయి. పదకొండున్నరకే కంచం ముందు కూర్చున్నాను.

గౌరి గట్టు మీద నుంచి నాలుగు గిన్నెలు దించింది. గరిటెతో మంచి మంచి ముక్కలు ఏరి వాటిలో వేయడం మొదలుపెట్టింది.

"ఏయ్, ఏటది?"

"నిన్నటి గిన్నెలండీ. కాళీగా పంపకూడదు కదా?"

"నీకు... ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. సీతాలు ఆనపకాయలో నువ్వుపిండి ఏత్తాది. మనింట్లో నువ్వులే లేవు."

"మరి అప్పుడే అడగొచ్చు కదా!"

"అడిగితే మీరు మళ్లీ కేరట్, కీరాయే పెడుదురు. అందుకే నానే ఆళ్లకి సెప్పాను. పక్షం రోజులు ఆయన్ని మీ వంట మరగనిచ్చి, తర్వాత రోజూ మీ గిన్నెలే ముందు పంపండీ, మా ఆయన వంట నేర్సుకుంటాడూ అని."

నాలుగు గిన్నెలూ పట్టుకెళ్లి ఇచ్చి వచ్చాను. వచ్చేసరికి నా కంచంలో తోక ముక్క ఒకటి, పులుసు ఉన్నాయి. అంత బాగున్న పులుసు నేనెప్పుడూ తినలేదు. ఆ మాట ఆమెతో అనలేదు.

"నెల అయిపోయింది. రేపట్నుంచి రాత్రి వంట నాది కాదు" అన్నాను, చేతులు కడుక్కుంటూ.

"మీ నెల అయిపోయిందండీ. గిన్నెలు అయిపోలేదు కదా!"

బెల్ మోగింది. తలుపు తీశాను. గురునాథరావుగారు, చేతిలో ఇంకో గిన్నె, గిన్నెలో అరటిపండు.

"పులుసు అద్దిరిపోయింది బాబూ" అన్నారు.

గిన్నె అందుకుని, సాయంత్రానికి గోధుమరవ్వ ఉందో లేదో చూడ్డానికి వంటింట్లోకి నడిచాను.